కాడి రాసుకున్న చోట వెంట్రుక వస్తుంది, వాత పెట్టిన చోట ఎందుకు రాదు?

జీవశాస్త్రం_కందుకూరు:

అందరికీ నమస్కారం. మూలకణాలు (విభజన చెందుతూ కొత్త కణాలను ఇచ్చే కణాలు) అనగానే పిల్లలకు ఎముక మజ్జ, బొడ్డుతాడు రక్తమే గుర్తొస్తున్నాయి. ఒంటిమీది తోలులోనే అవి రోజూ పని చేస్తున్నాయని చెప్పడానికి మన పల్లెల్లో కళ్ళెదుట కనిపించే ఉదాహరణలు తీసుకుందామనుకున్నాను. తీరా రాసుకుంటే ప్రతిదాని వెనకా ఒక ప్రశ్న మిగిలింది.

ఒంగోలు గిత్త మెడమీద కాడి రాసుకుని ఎర్రగా తోలు లేచిపోయినా కొన్ని వారాలకు మళ్ళీ వెంట్రుకలు కమ్ముకుంటాయి. అదే గిత్తకు డొక్కమీద దూడప్పుడు పెట్టిన వాత మాత్రం చచ్చేదాకా బోడిగానే ఉంటుంది. రెండూ గాయాలే కదా, తేడా ఎక్కడ? ముదురు రంగు పశువుల్లో రాపిడి పడ్డ చోట తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి, అదెందుకు? పొగాకు బ్యారన్ దగ్గర కాలినవాళ్ళకు తొడమీది చర్మం తీసి వేస్తారు. మరి తొడ ఎలా పూడుకుంటుంది, ఒకే చోట ఎన్నిసార్లు తీయొచ్చు?

పాఠ్యపుస్తకంలో "ఆధారపొర కణాలు విభజన చెందును" అన్న ఒక్క వాక్యమే ఉంది. దాంతో ఇవేవీ తేలడం లేదు. తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెబితే పిల్లలకు అలాగే చెబుతాను.

పశువైద్యం_ఒంగోలు:

మాస్టారూ, తేడా అంతా లోతులో ఉంది. గాయం ఎంత వెడల్పు అన్నది తర్వాతి సంగతి.

పశువు తోలును నిలువుగా కోసి చూస్తే పైన కాగితమంత పలుచగా బాహ్యచర్మం, దాని కింద దళసరిగా అంతశ్చర్మం ఉంటాయి. బాహ్యచర్మానికి అడుగున ఒకే వరుస కణాలు, అదే ఆధారపొర. ఆ వరుస పైపైన పరుచుకుని ఆగిపోదు. ప్రతి వెంట్రుక దగ్గరా బావిలోకి దిగినట్టు అంతశ్చర్మంలోకి దిగి, రోమకూపానికి గోడ అవుతుంది. పశువుల్లో ప్రతి వెంట్రుకకూ దాని నూనె గ్రంథి, దాని చెమట గ్రంథి, దాన్ని నిక్కబొడిపించే కండరం వేరుగా ఉంటాయి. నూనె గ్రంథికి కాస్త దిగువన, ఆ కండరం వచ్చి అతుక్కునే చోట కూపం గోడ కొంచెం ఉబ్బి ఉంటుంది. దాన్ని బల్జ్ అంటారు. చాలా అరుదుగా విభజన చెందే కణాలు అక్కడ దాగి ఉంటాయని కోట్సరేలిస్, సన్, లావ్‌కర్ 1990లో ఎలుకల్లో చూపించారు. అంతకుముందు వెంట్రుక మూలకణాలు అట్టడుగున, వేరు గడ్డలోనే ఉంటాయని అనుకునేవారు.

ఇప్పుడు కాడి సంగతి. రాపిడి పైవరుసను చెక్కేస్తుంది, బావులు మిగిలిపోతాయి. మిగిలిన ప్రతి బావి గోడా ఒక నారుమడి లాంటిది. అక్కడి నుంచి కణాలు పైకి ఎక్కి చుట్టూ పరుచుకుంటాయి. అంటే పుండు అంచు నుంచే కాకుండా మధ్యలో వందల చోట్ల నుంచి ఒకేసారి పూడుకొస్తుంది. దగ్గరగా చూస్తే ఎర్రటి పుండులో అక్కడక్కడ లేత చుక్కలు కనిపిస్తాయి, అవి కలిసిపోతూ వస్తాయి. కూపం బతికే ఉంది కాబట్టి వెంట్రుక కూడా తిరిగి వస్తుంది.

వాత అలా కాదు. ఎర్రగా కాల్చిన ఇనుము ఆనించి పట్టుకుంటే వేడి అంతశ్చర్మం లోతుకు దిగి బావి బావంతా ఉడికిపోతుంది. ఇక మిగిలింది అంచు ఒక్కటే. అంచు నుంచి కణాలు పాకేది రోజుకు మిల్లీమీటరులో ఏదో కొంత. ఆలోగా కింద నుంచి మచ్చ కండ పెరిగి నింపేస్తుంది. చివరికి కప్పుకునేది వెంట్రుక, చెమట, నూనె ఏవీ లేని సాదా పొర. పెద్ద జంతువుల్లో పుట్టాక కొత్త కూపాలు పుట్టవు అనే లెక్కవేసుకోవాలి. ఎలుకల్లో మాత్రం సెంటీమీటరు దాటిన గాయం మధ్యలో కొత్త కూపాలు పుడతాయని 2007లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చూశారు. జబ్బు పోతుందని ఇంకా అక్కడక్కడ వాతలు పెడుతున్నారు. జబ్బు పోదు, తోలు పాడవడం మాత్రం ఖాయం.

తెల్ల వెంట్రుకల సంగతి ఇంకా బాగుంటుంది. వెంట్రుకకు రంగు వేసే కణాలకు విడిగా మూలకణాలు ఉన్నాయి. అవీ ఆ బల్జ్ దగ్గరే ఉంటాయని నిషిమురా బృందం 2002లో చూపింది. ఈ రంగు కణాలు వెంట్రుకను కట్టే కణాలకంటే సుకుమారం. రాపిడి, ఒత్తిడి, చలి ఒక మోతాదులో తగిలితే రంగు కణాలు చచ్చి కట్టే కణాలు బతుకుతాయి. అప్పుడు వెంట్రుక వస్తుంది కానీ తెల్లగా వస్తుంది. గుర్రాలకు జీను రాసుకున్న చోట తెల్ల మచ్చలు పడేది ఇందుకే. ద్రవ నైట్రోజన్‌లో, అంటే మైనస్ 196 డిగ్రీల దగ్గర చల్లబరిచిన ముద్రతో పశువులకు గుర్తు వేసే పద్ధతికి ఆధారం కూడా ఇదే. నల్ల పశువుకు కాసేపు ఆనిస్తే ఆ అంకె తెల్ల వెంట్రుకలతో మొలుస్తుంది. మన ఒంగోలు జాతికి వెంట్రుకే తెలుపు, కింద తోలు నలుపు. తెల్ల అంకె తెల్ల ఒంటిమీద కనపడదు. కాబట్టి తెల్ల పశువులకు ముద్ర ఇంకాసేపు పట్టి ఉంచి కూపాన్నే చంపేస్తారు. వెంట్రుక రాక కింది నల్ల తోలు అంకెలా కనిపిస్తుంది. ఒకే ముద్ర, పట్టి ఉంచే సమయం మారితే చచ్చే కణం మారుతుంది. పిల్లలకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కాడి పుండు చూసుకోవడం గురించి కూడా రాస్తాను, ఎందుకంటే బతికున్న కూపాలను మందు పేరుతో చంపేస్తున్నారు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు కలిపి కడిగితే చాలు. బూడిద, సున్నం, బ్యాటరీ మసి, వాడేసిన ఇంజను ఆయిలు పోయకూడదు. టర్పెంటైన్ పురుగు పట్టినప్పుడు పురుగులను బయటికి రప్పించడానికి మాత్రమే. పురుగులు ఏరేశాక కడిగేయాలి, రోజూ పోసే మందు కాదు. ఈగలు వాలకుండా వేపనూనె పుండు చుట్టూ రాయాలి, పుండులోకి కాదు. కొత్త పొర పూర్తిగా కప్పి, వెంట్రుక తొంగిచూసేదాకా కాడి కట్టకూడదు. లేత పొరకు కింది అతుకు ఇంకా కుదరదు, ఒక్క దుక్కికే మళ్ళీ లేచిపోతుంది. అలా మూడు నాలుగుసార్లు లేస్తే ఈసారి కూపాలూ పోతాయి, మెడమీద దళసరి కాయ కడుతుంది.

దుర్మాంసం పెరిగితే ఇంకో చిక్కు. ఎర్రమాంసం అంచుకంటే ఎత్తు పెరిగిపోతే అంచు కణాలు ఆ గోడ ఎక్కలేక ఆగిపోతాయి. దాన్ని చర్మం మట్టానికి కోసేయాలి. అందులో నరాలు ఉండవు కాబట్టి నొప్పి తక్కువే, రక్తం మాత్రం బాగా కారుతుంది. పశువైద్యుడి చేత చేయించండి.

డ్రెస్సింగ్_నెల్లూరు:

డాక్టరు గారు చెప్పిన లోతు లెక్కే కాలిన గాయాల వార్డులోనూ నడుస్తుంది. లోతు తెలుసుకోవడానికి ఆ వెంట్రుకనే వాడతాం కూడా. కాలిన చోట ఒక వెంట్రుకను పట్టుకారుతో మెల్లగా లాగాలి. గట్టిగా పట్టుకుని నొప్పి పుడితే కూపం బతికుందని. నొప్పి లేకుండా వెన్నలోంచి వచ్చినట్టు ఊడొస్తే లోతుగా కాలిందని. దానితో పాటు వేలితో నొక్కి చూడాలి. తెల్లబడి, వదలగానే రెండు సెకన్లలోపు ఎర్రబడితే పైలోతు గాయం, రెండు వారాల్లో తనంతట తాను మానుతుంది. నొక్కినా రంగు మారకుండా, పొడిగా తోలులా ఉంటే మానదు. మూడు వారాలు దాటినా మూసుకోని గాయం గట్టి మచ్చ కడుతుంది, కీలు దగ్గరైతే ముడుచుకుపోతుంది. అందుకే అంతదాకా ఆగకుండా చర్మం వేస్తారు.

మొదటిరోజు అంచనా తప్పుతుంది, ఇది గుర్తుంచుకోవాలి. చచ్చిన భాగానికీ బతికిన భాగానికీ మధ్య ఊగిసలాడే పొర ఒకటి ఉంటుంది. రక్తం సరిగా అందకపోతే 48 నుంచి 72 గంటల్లో అదీ చచ్చి గాయం లోతవుతుంది. ఆ పొరలోనే కూపాల గోడలు ఉంటాయి. దాన్ని కాపాడేది కుళాయి నీళ్ళు. ధారగా 20 నిమిషాలు. కాలిన వెంటనే కుదరకపోయినా మూడు గంటలలోపు పోస్తే ఉపయోగం ఉంది. ఐసు వద్దు, రక్తనాళాలు ముడుచుకుని ఊగిసలాడేవి కూడా చస్తాయి. టూత్‌పేస్టు, సిరా, పసుపు ముద్ద, కోడిగుడ్డు సొన పూసుకొస్తే లోతు కనపడదు, కడిగేటప్పుడు మిగిలిన కాస్త పొరా వాటితో ఊడొస్తుంది.

తొడ సంగతి. తొడ చర్మం మొత్తం మందం సుమారు ఒకటిన్నర రెండు మిల్లీమీటర్లనుకుంటే, కత్తితో తీసేది 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లే. అందులో బాహ్యచర్మం మొత్తం, అంతశ్చర్మంలో పై పలక వస్తాయి. కూపాల దిగువ భాగం, చెమట నాళాలు తొడలోనే ఉండిపోతాయి. కాబట్టి 10–14 రోజుల్లో పూడుకుంటుంది. మందంగా తీస్తే మూడు వారాలు పడుతుంది, మచ్చ మిగులుతుంది. పలుచగా తీసిన చోటే రెండు మూడు వారాలకు మళ్ళీ తీయొచ్చు. బాహ్యచర్మం ప్రతిసారీ కొత్తగా వస్తుంది, అంతశ్చర్మం మాత్రం తిరిగి అంత పెరగదు. కాబట్టి ప్రతి కోతకూ అడుగు పలుచనవుతుంది. లెక్కకు హద్దు అక్కడ పడుతుంది.

తొడకంటే త్వరగా పూడేది తల. కుదుళ్ళు అంత దగ్గర దగ్గరగా ఉండటమే కారణం. పెద్దగా కాలిన పిల్లలకు తలమీది నుంచి పలుచగా చాలాసార్లు తీస్తారు. జుట్టు పోతుందని ఇంట్లోవాళ్ళు భయపడతారు. పలుచగా తీస్తే పోదు. కుదురు వేరు గడ్డ కొవ్వు పొరలో ఉంటుంది, కత్తి దానికి చాలా పైనుంచి పోతుంది. అదే కారణంగా వేసిన చోట జుట్టు మొలవదు.

తీసిన చోటు చెడేది ఎక్కువగా కట్టు విప్పడం వల్ల. రోజూ విప్పితే గుడ్డకు అంటుకున్న కొత్త కణాల వరుస దానితో పాటే వస్తుంది. అడుగు కట్టు 10 రోజులు కదపకూడదు. తడిస్తే పై గుడ్డ మాత్రం మార్చాలి. వాసన, జ్వరం, చుట్టూ ఎరుపు ఉంటేనే లోపలిది తీయాలి. గాలి తగిలి ఎండితే త్వరగా మానుతుందన్న మాట తప్పు. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చూపించింది ఇదే: తేమ నిలిచేలా కప్పిన గాయం ఎండనిచ్చినదానికంటే దాదాపు రెట్టింపు వేగంగా కప్పుకుంది. ఎండిన పక్కు కింద కణాలు తడి దొరికే లోతుకు దిగి, పక్కును కరిగించుకుంటూ పాకాలి, అక్కడ సమయం పోతుంది. పందిని ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని చర్మం మనలాగే కింది కండకు అంటుకుని ఉంటుంది. ఎలుక తోలు వదులు, దాని గాయం చాలావరకు అంచులు దగ్గరికి లాక్కుని మూసుకుంటుంది.

హైడ్రోజన్ పెరాక్సైడు, గాఢమైన అయోడిన్ ద్రావణం సూక్ష్మజీవులతో పాటు కొత్త కణాలనూ చంపుతాయి. సిల్వర్ సల్ఫడయజిన్ క్రీము చీము భయం ఉన్న లోతు గాయాలకు పనికొస్తుంది కానీ, శుభ్రంగా ఉన్న పైలోతు గాయానికి వాడితే మానడం ఆలస్యమవుతుంది.

వేసిన చర్మం మొదటి ఒకటి రెండు రోజులు కింది నుంచి ఊరే ద్రవం పీల్చుకుని బతుకుతుంది. తర్వాత రక్తనాళాలు కలుస్తాయి, వారంలోపు రక్తం తిరుగుతుంది. ఈలోగా కింద రక్తం గడ్డకట్టినా, నీరు చేరినా, పక్కకు జరిగినా పోయినట్టే. స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా ఉంటే పూర్తిగా కరిగించేస్తుంది. జాలీలా చిల్లులు కొట్టి ఒకటికి ఒకటిన్నర, ఒకటికి మూడింతలు సాగదీసి వేసేది విస్తీర్ణం కోసమే కాదు, ఆ నీరు బయటికి పోవడానికి కూడా. జాలీ గళ్ళను పూడ్చేది మళ్ళీ ఆధారపొర కణాలే.

మన జిల్లాల ఎండలకు ఒక జాగ్రత్త. లోతుగా కాలి చర్మం వేసిన చోట చెమట పట్టదు. ఒంట్లో పెద్ద భాగం అలా ఉన్నవాళ్ళు మే నెలలో బయట పనికి పోతే ఒళ్ళు చల్లబడే దారి లేక వడదెబ్బ తగులుతుంది. తడిగుడ్డ కప్పుకోవాలి, పని తెల్లవారుజామున ముగించాలి. నూనె గ్రంథులు కూడా ఉండవు కాబట్టి రోజుకు రెండు మూడుసార్లు కొబ్బరినూనె మర్దనా చేయాలి.

కణ_కల్చర్:

పైన రాసినవన్నీ సరైనవే. ఒక్క చోట మాత్రం పిల్లలు పొరపడతారు. బల్జ్ కణాలు రోజువారీ చర్మాన్ని తయారు చేయవు. కూపాల మధ్యనున్న బాహ్యచర్మానికి దాని సొంత మూలకణాలు ఆధారపొరలోనే ఉన్నాయి. మనుషుల్లో నాలుగు వారాలు, అంతకంటే కొంచెం ఎక్కువ రోజుల్లో పొర మొత్తం మారిపోయేది వాటివల్లే. బల్జ్ కణాల మామూలు పని వెంట్రుకకే. గాయమైనప్పుడు ముందుగా పరుగెత్తుకొస్తాయి. ఎలుకల్లో వాటికి రంగు గుర్తు పెట్టి చూస్తే, గాయం పూడ్చిన తర్వాత వాటి సంతతి చాలావరకు కొన్ని వారాల్లో రాలిపోయింది. కూపం పైభాగం నుంచి వచ్చినవి ఎక్కువకాలం నిలిచాయి. ఆధారపొరలో ప్రతి కణమూ మూలకణమేనా, కొన్నేనా అన్న దానిమీద వాదన ఇంకా తెగలేదు.

ఆధారపొర కణం ఆ చోటు వదిలితే ఏమవుతుందో గిన్నెలో కణాలను పెంచే కల్చర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. పనివరస ఇది. చర్మపు ముక్కను కొవ్వు గీకేసి, పొరలను విడదీసే ఎంజైము డిస్పేస్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా, 16–18 గంటలు ఉంచుతాం. పొద్దున పట్టుకారుతో బాహ్యచర్మం పొరలా ఊడొస్తుంది. దాన్ని కణాలను విడగొట్టే ఎంజైము ట్రిప్సిన్‌లో 37 డిగ్రీల దగ్గర 10–15 నిమిషాలు పెట్టి, సీరంతో (రక్తం నుంచి తీసిన ద్రవం) ఆపి, జల్లెడ పట్టి పరుస్తాం. ట్రిప్సిన్ అరగంట దాటితే దిగుబడి పెరగదు, కణాలు పగులుతాయి. సీరం లేని మాధ్యమంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) కాల్షియం 0.1 మిల్లీమోలార్ లోపు ఉంచాలి. ఒకటి దాటితే కణాలు ఒకదానికొకటి అతుక్కుని, ఆధారపొర గుర్తులైన కెరటిన్ 5, 14 ప్రోటీన్లను తగ్గించి, పైపొరల గుర్తులైన కెరటిన్ 1, 10 మొదలుపెట్టి, పైపొరల దారి పడతాయి. ఇక వెనక్కి రావు. గిన్నె పూర్తిగా నిండేదాకా వదిలేయడం కొత్తవాళ్ళు చేసే తప్పు. 70–80 శాతం నిండగానే విడదీయకపోతే మూలకణాలే తగ్గిపోతాయి, తర్వాతి గిన్నెలో గుంపులు చిన్నవిగా, అంచులు చిరిగినట్టు వస్తాయి.

ఈ దారి 1975లో రీన్‌వాల్డ్, హోవార్డ్ గ్రీన్ వేసింది. విభజన ఆపేసిన ఎలుక 3టి3 కణాలను (ప్రయోగశాలలో వాడే ఒక కణరకం) అడుగున పరిచి, వాటిమీద మనిషి చర్మకణాలను పెంచారు. 1983లో అమెరికాలో ఒళ్ళు 95 శాతం పైగా కాలిన ఇద్దరు చిన్న అన్నదమ్ములకు ఈ పద్ధతిలో పెంచిన పొరలు వేశారు. 1987లో బరాండన్, గ్రీన్ కలిసి ఒక్కో కణాన్ని విడిగా పెంచి, పెద్ద నున్నటి గుంపులు కట్టేవి, మధ్యరకం, త్వరగా ఆగిపోయేవి అని మూడు రకాలు చూపారు. ఆ మొదటి రకమే ఎందుకు ముఖ్యమో 2015లో జర్మనీలోని బోఖుంలో తేలింది. పుట్టుకతోనే చర్మం బొబ్బలై ఊడిపోయే జబ్బుతో 80 శాతం బాహ్యచర్మం కోల్పోయిన ఏడేళ్ళ బాబు. ఆధారపొరను కిందికి పట్టి ఉంచే లామినిన్ 332లో ఒక గొలుసుకు చెందిన జన్యువు చెడింది. ఇటలీలో మికేలే డి లూకా బృందం బాబు కణాల్లో మంచి జన్యువు పెట్టి పొరలు పెంచి పంపింది. నెలల తర్వాత చూస్తే, వేసిన కోట్ల కణాల్లో కొద్దిపాటి మూలకణాల సంతతే చర్మమంతా పరుచుకుని ఉంది. మిగతావన్నీ రాలిపోయాయి. 2017లో నేచర్‌లో వచ్చింది.

పెంచిన పొర వేయడంలో ఇబ్బంది ఇప్పటికీ అడుగునే ఉంది. అంతశ్చర్మం లేని గాయం మీద వేస్తే పట్టదు, పట్టినా నెలల తరబడి చిన్న రాపిడికే బొబ్బ లేస్తుంది. కిందికి పట్టి ఉంచే తంతువులు పూర్తిగా ఏర్పడటానికి ఏడాదిదాకా పడుతుంది.

జీవశాస్త్రం_కందుకూరు:

ముగ్గురికీ చాలా కృతజ్ఞతలు. ముద్ర పట్టి ఉంచే సమయం ఉదాహరణ రేపే చెబుతాను. ఇంకా రెండు మిగిలాయి. అరికాలిలో కూపాలే లేవు కదా, అక్కడ ఎలా మానుతుంది? మూలకణాల క్రీములని దుకాణాల్లో అమ్ముతున్నారు, పిల్లలు అడుగుతారు, ఏం చెప్పను?

కణ_కల్చర్:

అరికాలిలో కూపాలు లేకపోయినా ఆధారపొర తిన్నగా ఉండదు, కింది నుంచి పైకి గట్లు, కాలువల్లా మడతలు పడి ఉంటుంది. రాపిడి గట్లను చెక్కినా కాలువల్లోనివి మిగులుతాయి. పైగా చెమట గ్రంథులు ఒంట్లో అన్నిచోట్లకంటే అక్కడే దట్టంగా ఉన్నాయి. వాటి నాళాల గోడ కణాలు పైకి వచ్చి పూడుస్తాయని 2013లో మనుషుల గాయాల్లోనే చూశారు.

క్రీము సంగతి: కణం అడ్డం కొలత సుమారు 10 మైక్రాన్లు. చర్మం పైపొర 500 డాల్టన్లు (అణువు బరువుకు కొలమానం) దాటిన అణువునే సరిగా లోపలికి పోనివ్వదు, కణాన్ని ఎలా పోనిస్తుంది? డబ్బాలో ఉండేది మొక్క కణాల సారం. ఇక మూలకణాల సూదిమందు అని ఎవరైనా అంటే, రక్త సంబంధమైన ఆమోదిత మజ్జ మార్పిడులు తప్ప మిగతావి అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్‌లో చేర్చుకుని డబ్బు అడిగితే అక్కడే అనుమానించాలి.

పశువైద్యం_ఒంగోలు:

తరగతిలో చూపించడానికి ఒకటి. తలమీది వెంట్రుకను మొదలు దగ్గర పట్టుకుని ఒక్క ఊపున లాగమనండి. మెల్లగా లాగితే తెగిపోతుంది. నాలుగైదు లాగితే ఒకటి రెండింటికి మొదట్లో తెల్లటి జిగురు తొడుగు కనిపిస్తుంది, అది కూపం గోడ. స్లయిడు మీద నీటిచుక్కలో పెట్టి, మిథిలీన్ బ్లూ ఒక చుక్క వేసి నిమిషం ఆగి, 10 రెట్ల లెన్సు కింద చూస్తే కణాలు ఇటుకల్లా వరుసగా కనిపిస్తాయి. తొడుగు లేకుండా చిన్న గుండు మాత్రమే ఉంటే అది రాలడానికి సిద్ధంగా ఉన్న వెంట్రుక. అలాంటిది ఎవరికి వచ్చినా పారేయొద్దనండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.